డాక్టర్ ఫీజు ఇంతే ఉండాలని ప్రభుత్వం చెప్పగలదా? కన్ను ఒకటే, రేట్లు మూడు

లెక్కల మాస్టారు అడిగారు:

అందరికీ నమస్కారం. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మాది ఏపీ. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు, తప్పులుంటే సర్దుకోండి.

మా అక్కకి డెబ్బై ఒకటో ఏడు. రెండు కళ్లలోనూ శుక్లాలు. కుడికన్నుది బాగా ముదిరింది, ముందు దానికి ఆపరేషన్ చేయించాలన్నారు. ఆరోగ్యశ్రీ కార్డు లేదు, ఇన్సూరెన్సూ లేదు. మూడు ప్రైవేటు కంటి ఆసుపత్రులకి తీసుకెళ్లాను. మొదటిచోట కన్సల్టేషన్ 200, ఆపరేషన్ 16,500. రెండోచోట కన్సల్టేషన్ 500, ఆపరేషన్ 38,000. మూడోచోట కన్సల్టేషన్ 700, ఆపరేషన్ మాత్రం "లెన్సుని బట్టి సార్" అన్నారు. ఎంతనుంచి ఎంతదాకా అని గుచ్చి గుచ్చి అడిగితే 52,000 నుంచి లక్షా పదివేలు. మూడుచోట్లా చెప్పిన పద్ధతి ఒకటే, ఫేకో, అంటే చిన్న కోత పెట్టి శుక్లాన్ని ముక్కలు చేసి తీసేసే ఆపరేషన్. కన్ను మారలేదు, శుక్లం మారలేదు. మొదటి రేటుకీ చివరి రేటుకీ మధ్య ఆరు రెట్ల పైన తేడా.

మూడోచోట కౌంటర్లో అమ్మాయి ప్యాకేజీల కాగితం చూపించింది. ఫోన్లో ఫోటో తీసుకుంటానంటే "అలో చేయరు సార్" అని కాగితం వెనక్కి లాక్కుంది. ఆ అమ్మాయిని అనడానికేం లేదు, ఎవరో అలా చెప్పి కూర్చోబెట్టి ఉంటారు. కానీ నాకు రేట్ల తేడా కంటే ఆ కాగితం లాక్కోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

ఇక నా సందేహం. బస్సు టికెట్‌కి ప్రభుత్వం రేటు కడుతుంది. మందుబిళ్లకి కడుతుంది. ఇంజనీరింగ్ కాలేజీ ఫీజుకి కమిటీ వేసి మరీ కడుతుంది. డాక్టరు ఫీజుకి ఎందుకు కట్టదు? కట్టకూడదని ఎక్కడైనా ఉందా? లేక కట్టే అధికారం ఉన్నా కట్టడం లేదా? మా అల్లుడు "అది ఫండమెంటల్ రైట్ మావయ్యా, ఎవరూ ఏం చేయలేరు" అంటాడు. పక్కింటాయన "సుప్రీంకోర్టు రేట్లు పెట్టమంది, పేపర్లో కూడా వచ్చింది" అంటాడు. ఇద్దరిలో ఎవరిది కరెక్టు?

డాక్టర్లని తిట్టడానికి పెట్టిన పోస్టు కాదిది. దయచేసి అటు తిప్పకండి.

---

పాత జీవో జవాబు:

మాస్టారూ, మీ అల్లుడిది సగం కరెక్టు, పక్కింటాయనది సగం కరెక్టు. రెండు సగాలు కలిపితే ఒకటి అవ్వాలి గానీ ఇక్కడ ముప్పావే అవుతుంది. ఆ మిగిలిన పావులోనే అసలు గొడవంతా ఉంది. నేను కొన్నేళ్లు హైకోర్టులో ప్రభుత్వం తరఫు లాయర్ల ఆఫీసులో పనిచేశాను. జీవోలు ఎలా పుడతాయో, ఎలా కొట్టుకుపోతాయో దగ్గరనుంచి చూశాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు అల్లుడిగారి మాట. రాజ్యాంగంలో 19(1)(జి) ప్రకారం ఏ వృత్తైనా, వ్యాపారమైనా చేసుకునే హక్కు పౌరులకి ఉంది. డాక్టరు తన పనికి ఫీజు తీసుకోవడం ఆ హక్కులో భాగమే. అక్కడిదాకా నిజం. కానీ అదే అధికరణంలో కిందనే 19(6) ఉంది. ప్రజాప్రయోజనం కోసం ఆ హక్కు మీద సహేతుకమైన ఆంక్షలు పెడుతూ "చట్టం" చేయొచ్చు అంటుంది. కాబట్టి "ఎవరూ ఏం చేయలేరు" అన్నది తప్పు. చేయొచ్చు.

చట్టం అన్న మాటకి కొటేషన్లు ఊరికే పెట్టలేదు. కేసులు గెలిచేదీ ఓడేదీ ఆ మాట దగ్గరే. సెక్రటేరియట్‌లో ఒక అధికారి సంతకం పెట్టి "రేపటినుంచి కన్సల్టేషన్ 200 దాటకూడదు" అని జీవో ఇస్తే సరిపోదు. ఆ జీవో వెనక శాసనసభో పార్లమెంటో చేసిన చట్టం ఉండాలి, ఆ చట్టంలో రేట్లు నిర్ణయించే అధికారం రాసి ఉండాలి. ఉత్త పాలనాపరమైన ఉత్తర్వుతో ప్రాథమిక హక్కుని కత్తిరించడం కుదరదని సుప్రీంకోర్టు ఖరక్ సింగ్ కేసు నాటినుంచీ, అంటే 1962 నుంచీ, చెబుతూనే ఉంది.

దీనికి మంచి ఉదాహరణ కరోనా కాలంలోనే దొరుకుతుంది. 2020లో మహారాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రుల రేట్లకి పరిమితి పెట్టింది. కరోనా రోగులకే కాకుండా వేరే జబ్బులతో వచ్చినవాళ్లకి కూడా పెట్టింది. ఆసుపత్రులవాళ్లు కోర్టుకెళ్తే, కరోనా కాని రోగుల దగ్గర ఎంత తీసుకోవాలో చెప్పే అధికారం మీకు లేదని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ అదే ఏడాది అక్టోబరులో తేల్చింది. అంటువ్యాధుల చట్టం అంటువ్యాధి కోసం ఇచ్చిన అధికారం. దాన్ని మోకాలి ఆపరేషన్ దాకా సాగదీస్తే తెగిపోతుంది. మన పక్కన తెలంగాణలో 2020 జూన్ 15న జీవో 248 వచ్చింది, గుర్తుందా? కరోనాకి మామూలు వార్డు రోజుకి 4,000, ఐసీయూ 7,500, వెంటిలేటర్‌తో 9,000. అది కరోనా చికిత్సకే పరిమితం.

ఇప్పుడు మీ పక్కింటాయన మాట. 2010లో పార్లమెంటు క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం చేసింది. 2012లో దానికి రూల్స్ వచ్చాయి. అందులో రూల్ 9లో రెండు ముక్కలున్నాయి. ఒకటి, ప్రతి సేవకీ తీసుకునే రేటు అందరికీ కనపడేచోట స్థానిక భాషలోనూ ఇంగ్లీషులోనూ రాసి పెట్టాలి. రెండు, రాష్ట్రాలతో సంప్రదించి కేంద్రం నిర్ణయించే పరిధిలోనే రేట్లు తీసుకోవాలి. చూశారా, అధికారం ఉంది. కాగితం మీద పదేళ్లకి పైగా ఉంది. వచ్చిన చిక్కేమిటంటే కేంద్రం ఆ పరిధిని నిర్ణయించనే లేదు. దీని మీద వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో (పిల్) 2024 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు ముందు కేంద్రం చెప్పుకున్నది, రాష్ట్రాలకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాం, జవాబులు రావడం లేదు అని. కోర్టుకి కోపమొచ్చింది. నెలలోగా రాష్ట్రాల ఆరోగ్య కార్యదర్శులతో మీటింగ్ పెట్టండి, మీరు తేల్చకపోతే సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల, పెన్షనర్ల వైద్య పథకం) రేట్లనే తాత్కాలికంగా పెట్టమన్న పిటిషనర్ల కోరికని మేం పరిశీలించాల్సి ఉంటుంది అని హెచ్చరించింది. పక్కింటాయన పేపర్లో చూసింది ఇదే అయ్యుంటుంది. "రేట్లు పెట్టేసింది" కాదు, "మీరు పెట్టకపోతే మేం ఆలోచిస్తాం" అంది.

ఇంకో తమాషా. ఆ పిల్‌లో రేట్ల తేడాకి చూపించిన ఉదాహరణ మీ అక్కగారి ఆపరేషనే! శుక్లం ఆపరేషన్ ప్రభుత్వ ఆసుపత్రిలో 10,000 దాకా అయితే, ప్రైవేటులో 30,000 నుంచి 1,40,000 దాకా ఉందని. ఆ తర్వాత కంటి డాక్టర్ల అఖిల భారత సంఘం రూల్ 9 చెల్లదంటూ తనూ సుప్రీంకోర్టుకెళ్లింది. దేశమంతా ఒకే రేటు ఎలా కుదురుతుందన్నది వాళ్ల వాదన.

మీది ఏపీ అన్నారు కాబట్టి ఇంకో మెలిక ఉంది. ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలోని అంశం. అందుకని 2010 చట్టాన్ని కేంద్రం నేరుగా దేశమంతా రుద్దలేకపోయింది. 252వ అధికరణం కింద కొన్ని రాష్ట్రాల శాసనసభలు తీర్మానం చేసి కోరితే వాటికోసం చేసింది. మిగతావి కావాలంటే తీసుకోవచ్చు, వద్దంటే మానేయొచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతకుముందే, 2002లో, ప్రైవేటు వైద్య సంస్థలకి సొంత చట్టం చేసుకుంది. 2007లో రూల్స్ వచ్చాయి. దాని ప్రాణమంతా రిజిస్ట్రేషన్, కనీస వసతుల చుట్టూ తిరుగుతుంది. మీ అక్కగారి ఆపరేషన్‌కి ఇంతకు మించి తీసుకోకూడదని అందులో వెతికితే దొరకదు.

కాలేజీ ఫీజుల పోలిక మీరు తెచ్చారు చూడండి, అది చాలా బలమైన పోలిక. ప్రైవేటు కాలేజీలవాళ్లూ ఇదే 19(1)(జి) పట్టుకుని కోర్టులకెళ్లారు. 2002లో టీఎంఏ పాయ్ కేసునుంచి 2016లో మోడరన్ డెంటల్ కాలేజీ కేసుదాకా నడిచింది. చివరికి తేలిందేమిటి? సంస్థ తన ఖర్చులు రాబట్టుకోవచ్చు, ఎదగడానికి కొంత మిగుల్చుకోవచ్చు, లాభాపేక్షతో దోచకూడదు, దాన్ని చూడటానికి రాష్ట్రం చట్టం చేసి కమిటీ వేయొచ్చు. 2016 తీర్పులో కోర్టు కొలతబద్ద కూడా ఇచ్చింది. ఆంక్ష వెనక సరైన ఉద్దేశం ఉందా, పెట్టిన ఆంక్షకీ ఆ ఉద్దేశానికీ సంబంధం ఉందా, ఇంతకంటే మెత్తటి దారి లేదా, హక్కుకి జరిగే నష్టం జనానికి కలిగే మేలుకి తగ్గట్టుగా ఉందా. రేపు ఏపీ శాసనసభ డాక్టర్ ఫీజుల చట్టం చేస్తే దాన్నీ ఈ బద్దతోనే కొలుస్తారు. నా లెక్కలో, ఖర్చులు చూసి, డాక్టర్ల మాట విని, పల్లెకీ నగరానికీ తేడా పెట్టి, రెండేళ్లకోసారి సవరించే ఏర్పాటుతో చేస్తే అలాంటి చట్టం నిలబడుతుంది. గాల్లోంచి ఒక అంకె తీసి అందరికీ అదే అంటే సమానత్వ హక్కు చెప్పే 14వ అధికరణం దగ్గరే పడిపోతుంది.

అంటే అధికారం ఉన్నా కట్టడం లేదా అన్న మీ ప్రశ్నకి జవాబు: అధికారం లేక కాదు. 2017లో కర్ణాటక ఏం చేసిందో చూడండి. ప్రైవేటు ఆసుపత్రుల రేట్ల మీద బిల్లు తెస్తామంది. నవంబరులో డాక్టర్లు సమ్మె చేశారు, ఓపీలు మూతపడ్డాయి. ఆఖరికి బిల్లు మెత్తబడి, ప్రభుత్వ పథకాల కింద చేసే చికిత్సల రేట్ల దగ్గర ఆగింది. అక్కడ ఆపింది కోర్టు కాదు.

---

కౌంటర్ నంబర్ 4 జవాబు:

పాత జీవో గారు చెప్పింది చదివాక నాకు తెలిసిన కొసమెరుపు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నేను ఒక పెద్ద ఆసుపత్రి బిల్లింగ్‌లో తొమ్మిదేళ్లు చేసి మానేశాను. పేరు చెప్పను.

2017 ఫిబ్రవరిలో గుండెకి వేసే స్టెంట్ల ధరకి కేంద్రం పరిమితి పెట్టింది. మామూలు లోహపు స్టెంటు 7,260, మందు పూత ఉన్నది 29,600, పన్ను అదనం. అంతకుముందు మందు పూతది లక్ష దాటి వేసేవాళ్లం. ఆ ఉత్తర్వు వచ్చిన వారం మా ఫ్లోర్ మొత్తం టెన్షనే. తర్వాత నెలలో నేను కొట్టిన యాంజియోప్లాస్టీ బిల్లు మొత్తం చూస్తే స్టెంటు లైను తగ్గింది. క్యాథ్‌ల్యాబ్ (స్టెంటు వేసే గది) చార్జీ, "ప్రొసీజర్ ఫీజు" లైన్లు పెరిగాయి. పేషెంటు ఇంటికి పట్టుకెళ్లే బిల్లులో అడుగున అంకె పెద్దగా మారలేదు. అన్నిచోట్లా ఇలాగే అయిందని అనను, నేను కూర్చున్న కుర్చీలోంచి కనపడింది ఇది.

స్టెంటుకి ఎలా పెట్టగలిగారంటే అది చట్టం దృష్టిలో మందు కింద లెక్క. మందుల ధరలకి నిత్యావసర సరుకుల చట్టం ఉంది, దాని కింద 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ఉంది. డాక్టరు చెయ్యి సరుకు కాదు కదా. అందుకే సరుకు మీద మూత బిగిస్తే ఆవిరి చెయ్యి పక్కనుంచి పోతుంది.

మాస్టారూ, మీ అక్కగారి విషయంలో ఒక్క మాట. కంట్లో పెట్టే లెన్సు డబ్బాలో స్టిక్కర్లు వస్తాయి. కంపెనీ, పవరు, సీరియల్ నంబరు ఉంటాయి. ఒకటి కేస్‌షీట్‌కి అంటిస్తారు, ఇంకొకటి పేషెంటుకిచ్చే కార్డు మీద అంటించాలి. ఆపరేషన్‌కి ముందే అడిగి ఉంచండి. డబ్బా మీద ఎమ్మార్పీ కూడా చూపించమనండి. ప్యాకేజీలో "ఫారిన్ లెన్స్" అని రాసి ఏది పెట్టారో తెలియకపోతే ఆరు రెట్ల తేడా దేనికి కట్టామో ఎప్పటికీ తెలియదు.

---

క్లినిక్ మెట్లు జవాబు:

నేను డాక్టర్ని. జనరల్ ఫిజీషియన్, సొంత క్లినిక్, ఒక నర్సు, ఒక కాంపౌండరు. మాస్టారు తిట్టొద్దన్నారు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

నా ఫీజు 300, గోడమీద రాసి ఉంటుంది. వారంలోపు మళ్లీ వస్తే తీసుకోను. రోజూ ఓ ఐదారుగురు అసలు ఇవ్వరు, నేనూ అడగను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, చిన్న ఊళ్లలో చాలామంది ఇలాగే చేస్తారు. ప్రభుత్వం నా ఫీజు 250 అని నిర్ణయిస్తే నేను చచ్చిపోను. కానీ ఆ ఐదారుగురి దగ్గరా వసూలు చేయడం మొదలుపెడతానేమో.

మాకు భయం పరిమితి అన్న మాటంటే కాదు, అది పెట్టేవాళ్ల బద్ధకం అంటే. సీజీహెచ్‌ఎస్ రేట్లు తాత్కాలికంగా పెట్టే సంగతి పరిశీలిస్తామన్న మాట విని మా వాట్సాప్ గ్రూపులు ఎందుకు మండిపోయాయో తెలుసా? ఆ పథకంలో ఓపీ కన్సల్టేషన్ ఏళ్ల తరబడి 150. 2023 ఏప్రిల్‌లో 350 చేశారు. ఆపరేషన్ల ప్యాకేజీలైతే ఎక్కువభాగం 2014 నాటి అంకెల మీదే నడిచి, 2025 అక్టోబరులో పెద్ద ఎత్తున మారాయి. పదకొండేళ్లలో నా క్లినిక్ అద్దె ఎన్నిసార్లు పెరిగిందో నాకు తెలుసు. చట్టం చేసినప్పుడు అంకె బాగానే ఉంటుంది. ఆ అంకెని మళ్లీ ముట్టుకునేవాడుండడు. పాత జీవో గారు "రెండేళ్లకోసారి సవరణ" అని ఒక్క ముక్కలో రాసి వెళ్లిపోయారు. మా గొడవంతా ఆ ముక్క గురించే సార్.

ఇంకోటి. మీరంతా "డాక్టర్ ఫీజు" అంటున్నారు. మాస్టారు కట్టబోయే 38,000లో సర్జన్‌కి వెళ్లేది ఎంత? మిగతాది బిల్డింగు, మిషను, లెన్సు, రిసెప్షన్‌లో ఏసీ. చట్టం చేసేవాళ్లు ఈ రెండూ విడదీయకపోతే పెద్ద ఆసుపత్రి ఒక లైనులో తగ్గించి ఇంకో లైనులో వేసుకుంటుంది, కౌంటర్ నంబర్ 4 గారు చెప్పినట్టు. నాకు వేసుకోవడానికి రెండో లైనే లేదు.

మూడోచోట కాగితం లాక్కోవడం మాత్రం తప్పే. మా వృత్తి నియమావళిలోనే ఉంది అది.

---

పాత జీవో మళ్లీ:

డాక్టర్ గారూ, దెబ్బ తగిలింది, ఒప్పుకుంటున్నాను. చట్టంలో సవరణ కాలాన్ని బిగించి రాయాలి, తప్పితే రేటు దానంతటదే ధరల సూచీ ప్రకారం పెరిగేలా ఉండాలి. ధర నిర్ణయించడం చట్టం చేయడం లాంటి పని, ఆ అంకె మంచిదా కాదా అని మేం కూర్చుని లెక్క కట్టం అని సుప్రీంకోర్టు 1987లో మందుల ధరల కేసు సైనమిడ్‌లో చెప్పింది. అంటే ఒకసారి పడిన అంకెని కోర్టులో కదపడం కష్టం. మీ భయానికి ఆధారం ఉంది.

మీరన్న నియమావళి సంగతి మాస్టారికి వివరంగా చెప్తాను, ఇప్పటికిప్పుడు ఆయన చేతికి దొరికేది అదే. 2002 నాటి వైద్యుల వృత్తి ప్రవర్తన నియమాల్లో రెండు మాటలున్నాయి. డాక్టరు తన ఫీజు, ఇతర చార్జీలు తన గదిలో, తను వెళ్లే ఆసుపత్రిలో బోర్డు మీద స్పష్టంగా పెట్టాలి. ఫీజు ఎంతో చికిత్సకి ముందే చెప్పాలి, ఆపరేషన్ మొదలయ్యాకో అయిపోయాకో కాదు. 2023 ఆగస్టులో కొత్త నియమాలు తెచ్చి, అదే నెలలో పక్కనపెట్టారు. కాబట్టి 2002వే నడుస్తున్నాయి. దీని మీద ఫిర్యాదు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి. ఒక లోటేమిటంటే కౌన్సిల్ చెయ్యి డాక్టరు దాకానే, కంపెనీ దాకా పోదు.

కంపెనీ మీదకి వెళ్లాలంటే వినియోగదారుల చట్టం. డాక్టర్ల సేవ ఆ చట్టం కిందకి వస్తుందని 1995లో వి.పి. శాంత కేసులో తేలింది. 2019లో కొత్త చట్టం వచ్చాక "వైద్యం" అన్న మాట అందులో లేదు కాబట్టి మేం లేమని డాక్టర్ల సంఘమొకటి వాదించింది, 2022లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఇక్కడ ఒక సన్నటి గీత ఉంది, లెక్కల మాస్టారు కాబట్టి మీకు నచ్చుతుంది. "రేటు ఎక్కువగా ఉంది" అని ఫిర్యాదు చేస్తే నిలవదు. "చట్టం పెట్టిన రేటు కంటే, లేదా రూల్ ప్రకారం బోర్డు మీద పెట్టిన రేటు కంటే, లేదా మేం ఒప్పుకున్న రేటు కంటే ఎక్కువ తీసుకున్నారు" అంటే అది ఫిర్యాదే. మన దగ్గర మొదటిది లేదు. కాబట్టి రెండోదీ మూడోదీ మీరే పుట్టించుకోవాలి. బోర్డు ఫోటో తీసుకోండి, ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం లేనివాడికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో నేనూ ఏం సాయం చేయలేను. కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే అక్కడ ఫిర్యాదుకి ఫీజు కూడా లేదు.

ఒక మాట మాత్రం ఆశ పెట్టుకోకుండా వినండి. ఆసుపత్రిలోనే మందులు కొనమని బలవంతం చేస్తున్నారన్న కేసులో 2025 మార్చిలో సుప్రీంకోర్టు తనంతట తను నిబంధనలు పెట్టడానికి ఇష్టపడలేదు, రాష్ట్రాలు విధానం చేసుకోవాలంది. అంటే బంతి తిరిగి తిరిగి మన శాసనసభ దగ్గరికే వస్తోంది. కేరళ మాత్రం 2018లో సొంత చట్టం చేసి రేట్లు ముందే ప్రదర్శించాలంది. ఆసుపత్రులవాళ్లు, డాక్టర్ల సంఘం కోర్టుకెళ్లారు. 2025లో కేరళ హైకోర్టు చట్టాన్నే సమర్థించింది. రేటు ఇంతకు మించొద్దు అనడం కంటే, రేటు ఎంతో చెప్పు అనడం కోర్టుల్లో తేలిగ్గా నిలుస్తుంది. ముందు చెప్పానే, మెత్తటి దారి ఉందా అని చూస్తారని. ఇదే ఆ మెత్తటి దారి.

---

లెక్కల మాస్టారు మళ్లీ:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. పాత జీవో గారి మొదటి జవాబు ప్రింటు తీసి అల్లుడికి ఒకటి, పక్కింటాయనకి ఒకటి ఇచ్చాను. అల్లుడు 19(6) చదివి "అది నాకు తెలుసు మావయ్యా" అన్నాడు. పక్కింటాయన "చూశారా, సుప్రీంకోర్టు చెప్పిందనే కదా నేనూ అన్నాను" అన్నాడు. ఇద్దరూ పాసయ్యారు.

నిన్న రెండో ఆసుపత్రికి మళ్లీ వెళ్లాను. రేట్ల బోర్డు ఎక్కడుందని అడిగితే మొదట ఎవరికీ తెలియలేదు. వాచ్‌మన్ చూపించాడు. వాటర్ ఫిల్టర్ వెనక, గోడమీద. ఫిల్టర్ పక్కకి జరిపి చదివాను. కన్సల్టేషన్ 500 అని ఉంది. ఆపరేషన్ల దగ్గర "వివరాలకు కౌంటర్‌లో సంప్రదించండి" అని ఉంది. ఫోటో తీశాను, ఎవరూ వద్దనలేదు.

కౌంటర్లో ఎస్టిమేట్ రాసిమ్మన్నాను. ఇది పద్ధతి కాదన్నారు, తర్వాత లోపలికెళ్లి ఎవరినో అడిగొచ్చి రాసిచ్చారు. సర్జన్ ఫీజు 10,000, లెన్సు 13,500, ఆపరేషన్ థియేటర్ 8,000, పరీక్షలు 2,000, మందులు 3,000. మొత్తం 38,000. నేను అక్కడే నిలబడి కూడాను. 36,500 వచ్చింది. మళ్లీ కూడాను, అంతే. పదిహేను వందలు ఏమయ్యాయమ్మా అంటే ఆ అబ్బాయి కాలిక్యులేటర్ తీసి తనూ కూడి, "డిస్పోజబుల్స్ సార్, రాయడం మర్చిపోయాను" అన్నాడు. అదీ రాయమన్నాను. రాసి, స్టాంపు వేసి ఇచ్చాడు. క్లినిక్ మెట్లు డాక్టర్ గారూ, మీ ప్రశ్నకి జవాబు ఇదిగో: ముప్పై ఎనిమిదిలో పది.

మొదటిచోట 16,500కి ఎందుకు చేయించలేదని మీరు అడగొచ్చు. నేనూ అక్కని అడిగాను. రెండోచోట డాక్టరమ్మ తనతో పది నిమిషాలు మాట్లాడిందట, మొదటిచోట లైటు వేసి చూసి పంపేశారట. అంతకు మించి వాదించలేదు. కన్ను తనది.

కౌంటర్ నంబర్ 4 గారూ, లెన్సు స్టిక్కరు కార్డుకి అంటిస్తామన్నారు. గురువారం పొద్దున ఏడున్నరకి రమ్మన్నారు. ఎడమకన్నుకి మూడు నెలల తర్వాత. ఈ కాగితం ఫైల్లో దాచాను. అప్పుడు రేటు మారితే ఇక్కడే రాస్తాను.